మోడల్ రైల్వేకి మన స్టేషన్: ప్లాన్ వెతకడం, దొరక్కపోతే కొలిచి గీసుకోవడం ఎలా?

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరా నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో టాటానగర్ స్టేషన్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో దాని పేరు కాళీమాటి. 1919లో టాటానగర్ అయింది. ఉక్కు కర్మాగారంలోనో రైల్వేలోనో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో ఏదో ఒక తరానికి ఈ స్టేషన్‌తో అనుబంధం ఉంటుంది. అలాంటి ఇంట్లో ఎవరికైనా ఆ స్టేషన్‌ను బల్ల మీద బుల్లి రైళ్లతో సహా కట్టుకోవాలనిపిస్తే? ఇంజిన్, పెట్టెలు, పట్టాలు డబ్బు పెడితే దొరుకుతాయి. చిక్కల్లా భవనంతోనే వస్తుంది.

మోడల్ రైల్వే భవనాల కిట్లలో ఎక్కువ భాగం జర్మనీ పల్లె స్టేషన్లు, అమెరికా చెక్క డిపోలు, ఇంగ్లండ్ సిగ్నల్ క్యాబిన్లు. వాటిని తెచ్చి పసుపు రంగు బోర్డు తగిలించినంత మాత్రాన మన స్టేషన్ కాదు. మన గేట్‌మ్యాన్ గది, మన గూడ్స్ షెడ్డు, మన రైల్వే క్వార్టర్ కావాలంటే అట్ట, ప్లాస్టిక్ షీటు, చెక్క ముక్కలతో మొదటి నుంచి చేసుకోవాలి. దీన్నే స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. దానికి ముందు కావలసింది ప్లాన్. ఈ కథనంలో ప్లాన్లు ఎక్కడ వెతకాలో, దొరక్కపోతే ఎలా కొలవాలో, ఎలా గీయాలో వివరంగా చూద్దాం.

ఇది ఇప్పుడే తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఉంది. అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశంలో 1,300కు పైగా స్టేషన్లను పునర్నిర్మిస్తున్నారు. 2023 ఆగస్టు 6న ఒక్కరోజే 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. పథకం జాబితాలో టాటానగర్ కూడా ఉంది. ప్రయాణికులకు సౌకర్యాలు పెరగడం మంచిదే. కానీ పాత గదులు, షెడ్లు, క్యాబిన్లు ఒకసారి పోతే వాటి కొలతలు కూడా వాటితోపాటే పోతాయి.

ముందు స్కేల్ తేల్చుకోవాలి

ప్లాన్ గీయడానికి ముందే ఏ స్కేల్‌లో కడుతున్నారో నిర్ణయించుకోవాలి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేల్. ఇందులో నిష్పత్తి 1:87. అంటే అసలు వస్తువు 87 మిల్లీమీటర్లుంటే నమూనా 1 మిల్లీమీటరు. చోటు తక్కువున్నవాళ్లు 1:160 నిష్పత్తిలో ఉండే ఎన్ స్కేల్ వాడతారు. బ్రిటన్‌లో ప్రాచుర్యం ఉన్న ఓఓ స్కేల్ సుమారు 1:76.

ఇక్కడ మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది యూరప్, అమెరికాల్లోని 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. మార్కెట్లో దొరికే పట్టా మన గేజ్ కంటే దాదాపు 3 మి.మీ. ఇరుకన్నమాట. చాలామంది ఈ తేడాతో సర్దుకుపోతారు. అలా సర్దుకున్నా భవనాన్ని మాత్రం కచ్చితంగా 1:87లోనే కట్టాలి. పట్టా ఇరుకైందని స్టేషన్‌ను కూడా తగ్గిస్తే పక్కన నిలిచే పెట్టె, తలుపు ముందు నిలబడే మనిషి బొమ్మ, రెండూ పొంతన లేకుండా పోతాయి.

శ్రీకాకుళం జిల్లా మూలాలున్నవాళ్లకు ఇందులో ఒక శుభవార్త. నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు 1900లో మొదలై, తర్వాత గుణుపూర్ దాకా సాగిన లైట్ రైల్వే గేజ్ 762 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 8.8 మి.మీ. ఎన్ స్కేల్ పట్టా వెడల్పు 9 మి.మీ. అంటే 1:87 భవనాల మధ్య ఎన్ స్కేల్ పట్టాలు పరిస్తే ఆ పాత చిన్న రైలు దారి దాదాపు కచ్చితంగా వచ్చేస్తుంది. ఆ నారో గేజ్ రైలు 2004లో ఆగిపోయింది. 2011లో బ్రాడ్ గేజ్ రైలు గుణుపూర్ చేరింది.

ప్లాన్లు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలో ఈ పని తేలిక. అక్కడ 1933లో మొదలైన చారిత్రక భవనాల సర్వే, 1969లో మొదలైన ఇంజినీరింగ్ నిర్మాణాల సర్వే వేలాది కట్టడాలను కొలిచి గీశాయి. ఆ డ్రాయింగులను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దింపుకోవచ్చు. అక్కడి హాబీ పత్రికలు కూడా దశాబ్దాలుగా స్టేషన్ల ప్లాన్లు అచ్చువేస్తున్నాయి. మన భవనాలకు వాటిలో ప్లాన్ దొరకదు. కానీ కొలిచిన భవనాన్ని కాగితం మీద ఎలా చూపించాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు. మొదట అలాంటివి నాలుగైదు దింపుకొని చూడండి.

మన దగ్గర వెతకాల్సిన చోట్లు ఇవి:

- రైల్వే కొలతల పట్టిక: భారతీయ రైల్వే బ్రాడ్ గేజ్‌కు ‘షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్’ అనే అధికారిక పుస్తకం ఉంది. ఏ భవనం ప్లానూ ఇందులో ఉండదు కానీ పట్టాకు, ప్లాట్‌ఫారానికి, కప్పుకు మధ్య ఎంతెంత దూరం ఉండాలో ఉంటుంది. ఉదాహరణకు ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైభాగం నుంచి 760–840 మి.మీ. ఉండాలి. హెచ్‌ఓలో అది 8.7–9.7 మి.మీ. పట్టాల నడిమధ్య నుంచి ప్లాట్‌ఫారం అంచుకు దూరం 1,670–1,680 మి.మీ., అంటే హెచ్‌ఓలో సుమారు 19.2 మి.మీ. నమూనాలో వంపులు మరీ బిగుతుగా ఉంటాయి కాబట్టి వంపు దగ్గర పెట్టె అంచుకు తగలకుండా ఇంకొంచెం ఖాళీ వదలాలి.
- ఆర్‌డీఎస్‌ఓ: లక్నోలోని ఈ సంస్థ రైల్వేకు ప్రామాణిక డిజైన్లు తయారుచేస్తుంది. వంతెనల వంటి నిర్మాణాల డ్రాయింగులకు ఇది మూలస్థానం.
- జోనల్, డివిజనల్ ఇంజినీరింగ్ కార్యాలయాలు: టాటానగర్ ఆగ్నేయ రైల్వేలోని చక్రధర్‌పూర్ డివిజన్‌లో ఉంది. జోన్ ప్రధాన కార్యాలయం కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో ఉంది. భవనాల డ్రాయింగులు ఉండేది ఇంజినీరింగ్ విభాగం దగ్గర. మర్యాదగా ఉత్తరం రాసి అడగడం మొదటి మెట్టు. సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు కూడా చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. భద్రతా కారణాలతో నిరాకరించే వీలుంది కాబట్టి వాడుకలో ఉన్న పెద్ద యార్డు ప్లాన్ అడిగేకన్నా తీసేసిన ఒక చిన్న భవనం పేరు పెట్టి అడగడం మేలు.
- ఆర్కైవులు: జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌కు సొంత ఆర్కైవ్ ఉంది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. పాత రైల్వే నివేదికలు, ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో దొరుకుతాయి.
- అభిమానుల ఫొటోలు: భారతీయ రైల్వే అభిమానుల సంఘం ఐఆర్‌ఎఫ్‌సీఏ దగ్గర స్టేషన్ల వారీగా పాత, కొత్త ఫొటోల పెద్ద భాండాగారం ఉంది.

ఇంకో కిటుకు గుర్తుంచుకోండి. రైల్వే కంపెనీలు చిన్న స్టేషన్లకు, క్వార్టర్లకు ఒక్కో చోట ఒక్కో డిజైన్ వేసేవి కావు. నమూనా డ్రాయింగ్ ఒకటి తయారుచేసి లైను పొడవునా దాన్నే కట్టించేవి. అందుకే మీకు కావలసిన భవనం పడగొట్టేసినా దాని తోబుట్టువు అదే లైనులో నాలుగు స్టేషన్ల అవతల నిలబడి ఉండొచ్చు. కిటికీల వరస, తోరణం ఆకారం, కప్పు వాలు పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

భవనం కళ్ల ముందే ఉంటే: టేపుతో కొలవడం

ఇద్దరు మనుషులు, 15 మీటర్ల టేపు, గళ్ల కాగితం, పెన్సిలు చాలు. ముందు చేతితో చిత్తు బొమ్మ గీసి, ఆ తర్వాత కొలతలు దాని మీద రాయాలి. కొలతలు ముందు రాసుకుని ఇంటికొచ్చాక బొమ్మ గీద్దామనుకుంటే ఏ అంకె ఏ కిటికీదో గుర్తుండదు.

గోడ పొడవునా ముక్కలు ముక్కలుగా కొలవకండి. టేపు సున్నాను ఒక మూల దగ్గర ఉంచి, తలుపు మొదలు, తలుపు చివర, కిటికీ మొదలు, కిటికీ చివర అని ఒకే సాగులో చదువుతూ పోవాలి. ముక్కలుగా కొలిస్తే ప్రతి ముక్కలోని చిన్న పొరపాటు చివరికి పెద్దదవుతుంది. గది చతురస్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి లోపల రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే మూలలు సరిగా ఉన్నట్టే.

అందని ఎత్తుకు ఇటుకలే కొలబద్ద. పది వరసల ఎత్తు టేపుతో కొలిచి, పదితో భాగించి, పై దాకా ఉన్న వరసలు లెక్కపెడితే గోడ ఎత్తు వచ్చేస్తుంది. ఇటుక సైజు పుస్తకంలో చూసి వేయకండి. నేటి ప్రామాణిక ఇటుక సున్నంతో కలిపి 10 సెం.మీ. ఎత్తుకు లెక్క. పాత తొమ్మిది అంగుళాల ఇటుక వరస సుమారు మూడంగుళాలు. ఒకే భవనంలో పాత గోడ, కొత్త గోడ రెండూ ఉండొచ్చు.

రేకుల కప్పుకు ముడతలు లెక్కపెట్టండి. మామూలు ముడత రేకులో ఒక ముడత నుంచి మరో ముడతకు దూరం సుమారు మూడంగుళాలు, అంటే 76 మి.మీ. ఎండ ఉంటే నీడ కూడా పనికొస్తుంది. నిలువుగా నిలిపిన మీటరు కర్ర నీడ 80 సెం.మీ. ఉన్నప్పుడు భవనం నీడ 5.6 మీటర్లుంటే భవనం ఎత్తు 7 మీటర్లు. నేల మట్టంగా ఉండాలి, రెండు నీడలూ ఒకే సమయంలో కొలవాలి.

చివరిగా, పాత రైల్వే భవనాలు అడుగుల్లో కట్టినవి. మీ టేపు 3.05 మీటర్లు చూపిస్తే అది పదడుగులు, 3.66 చూపిస్తే పన్నెండడుగులు. కొలతలను దగ్గరి అడుగు, అరడుగులోకి మార్చి చూడండి. అన్నీ గుండు అంకెలకు దగ్గరగా వస్తుంటే కట్టినవాళ్ల అసలు ప్లాన్ మీ చేతికి చిక్కినట్టే. ఇందులో ఇంకో సౌలభ్యం, హెచ్‌ఓలో ఒక అడుగు సరిగ్గా 3.5 మి.మీ.

దగ్గరకు వెళ్లలేకపోతే: ఫొటో నుంచి

ఫొటో తీసేటప్పుడు గోడకు ఎదురుగా, మధ్యలో, వీలైనంత దూరంగా నిలబడి జూమ్ చేయండి. దగ్గరగా నిలబడి ఫోన్‌ను పైకెత్తితే గోడలు పైన ఇరుకైపోతాయి. అడుగడుగుకూ ఎరుపు, తెలుపు రంగులేసిన కర్రను గోడకు ఆనించి ఫొటోలో పడేలా పెడితే స్కేల్ దానంతటదే వస్తుంది.

లెక్క ఇలా. రెండు మీటర్ల కర్ర ఫొటోలో 400 పిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్ 5 మి.మీ. తలుపు 420 పిక్సెళ్లుంటే దాని ఎత్తు 2.1 మీటర్లు. అయితే కర్ర ఏ గోడకు ఆనిందో ఆ గోడకే ఈ లెక్క. ముందుకు పొడుచుకొచ్చిన వరండా స్తంభానికి మళ్లీ కర్ర పెట్టాలి. పక్కవాటంగా వచ్చిన ఫొటోను జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని పర్‌స్పెక్టివ్ పరికరంతో సరిచేయవచ్చు.

భవనం కూల్చేశారు, పాత ఫొటో ఒక్కటే మిగిలింది అనుకుందాం. అందులో కొలత తెలిసిన వస్తువు వెతకాలి. ఐసీఎఫ్ పెట్టె బాడీ పొడవు 21.34 మీటర్లు. ఎల్‌హెచ్‌బీ పెట్టెది 23.54 మీటర్లు. తలుపు, మెట్టు, ఇటుక వరస, నిలబడ్డ మనిషి, ఏదైనా సరే. ఒకే ఆధారాన్ని నమ్మకుండా కనీసం రెండింటితో లెక్కవేసి పోల్చాలి. భవనం పునాది ఎంత వెడల్పో గూగుల్ ఎర్త్ కొలబద్దతో, అందులోని పాత ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేయవచ్చు. పైనుంచి కనిపించేది కప్పు మాత్రమే. గోడ కొలత కావాలంటే చూరును రెండు వైపులా తీసేయాలి.

గీయడం: ఒక చిన్న ఉదాహరణ

మొదటి ప్రయత్నానికి టాటానగర్ మొత్తం వద్దు. ఒక గేట్‌మ్యాన్ గది చాలు. జార్ఖండ్‌లో దాన్ని గుమ్టీ అంటారు. ఊహకు ఒకటి తీసుకుందాం. బయటి కొలత 12 అడుగులు × 10 అడుగులు. పది ఇటుక వరసలు 76 సెం.మీ., మొత్తం 40 వరసలు. అంటే గోడ ఎత్తు 3.04 మీటర్లు, పదడుగులు. కప్పు రేకులో 52 ముడతలు, అంటే 13 అడుగులు. గోడ 12 అడుగులు కాబట్టి చూరు రెండు వైపులా చెరో అరడుగు. లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి.

హెచ్‌ఓలోకి మారిస్తే:

- ముందు గోడ: 42 మి.మీ. పొడవు, 35 మి.మీ. ఎత్తు
- పక్క గోడ: 35 మి.మీ. పొడవు
- మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు తలుపు: 10.5 × 22.75 మి.మీ.
- రెండున్నర × మూడున్నర అడుగుల కిటికీ: 8.75 × 12.25 మి.మీ.
- అడుగున్నర అరుగు: 5.25 మి.మీ.
- తొమ్మిదంగుళాల గోడ మందం: 2.6 మి.మీ.
- కప్పు పొడవు: 45.5 మి.మీ.

పూర్తి ప్లాన్‌లో పైనుంచి చూసే నక్షా, నాలుగు వైపుల ఎలివేషన్లు, మధ్యకు కోసినట్టు చూపే సెక్షన్ ఉండాలి. సెక్షన్ మానేస్తే గోడ మందం, కప్పు వాలు, అరుగు ఎత్తు తెలియవు. గళ్ల కాగితం మీద గీయవచ్చు. కంప్యూటర్‌లో అయితే ఇంక్‌స్కేప్, లిబ్రెక్యాడ్ వంటివి ఉచితం. కంప్యూటర్‌లో అసలు కొలతలతోనే గీసి, ప్రింటు తీసేటప్పుడు మాత్రమే స్కేల్ తగ్గించండి. రేపు ఎన్ స్కేల్‌కు మారినా అదే ప్లాన్ పనికొస్తుంది.

చాలామంది బోల్తా పడే చోట్లు రెండున్నాయి. ఒకటి ప్రింటర్. కాగితానికి సరిపోయేలా అది బొమ్మను తనంతట తానే కాస్త కుదించేస్తుంది. అందుకే ప్రతి పేజీలో 100 మి.మీ. గీత ఒకటి గీసి, ప్రింటు వచ్చాక దాన్ని స్కేలుతో కొలవాలి. 97 వస్తే ఆ కాగితం పక్కన పడేయాలి. రెండోది అట్ట మందం. ముందు, వెనక గోడల మధ్యలో పక్క గోడలు ఇరికిస్తే పక్క గోడను 35 మి.మీ. కోయకూడదు. 2 మి.మీ. అట్ట వాడితే రెండు మందాలు తీసేసి 31 మి.మీ. కోయాలి. ఖరీదైన ప్లాస్టిక్ షీటు కోసే ముందు పాత పెళ్లి శుభలేఖల అట్టతో ఒకసారి కట్టి చూస్తే ఇలాంటి తప్పులన్నీ బయటపడతాయి.

పెద్ద స్టేషన్‌ను ఇంట్లో ఎలా పట్టించాలి?

24 ఎల్‌హెచ్‌బీ పెట్టెల రైలు పొడవు దాదాపు 576 మీటర్లు. హెచ్‌ఓలో 6.6 మీటర్లు. ఎన్ స్కేల్‌లోనూ 3.6 మీటర్లు. మన ఇళ్లలో అంత గోడ ఉండదు. కాబట్టి కుదించాలి. దీనికి ఒక నియమం ఉంది. సంఖ్య తగ్గించండి, సైజు తగ్గించకండి. పది తోరణాల వరండాను ఆరు తోరణాలు చేయవచ్చు. ప్రతి తోరణం మాత్రం అసలు కొలతలోనే ఉండాలి. మధ్య ద్వారం, మూలలు, గడియారం వంటి గుర్తుపట్టే భాగాలను ముట్టుకోకూడదు. ఏం తగ్గించారో ప్లాన్ మీద రాసిపెట్టాలి. లేకపోతే రేపు చూసినవాళ్లు అసలు స్టేషన్‌కు ఆరు తోరణాలే ఉన్నాయనుకుంటారు.

హెచ్‌ఓ స్కేల్‌లో ఒక ఊరంతా కడితే ఎలా ఉంటుందో చూడాలంటే పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం మంచి చోటు.

అనుమతులు, చట్టం

స్టేషన్‌లో టేపు తీసే ముందు స్టేషన్ మాస్టరును కలిసి, ఎందుకో చెప్పి, అనుమతి తీసుకోండి. పట్టాల మీదకు, యార్డులోకి వెళ్లకండి. రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశానికి ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఫొటోలు నిషేధమన్న బోర్డున్న వంతెనలు, కర్మాగారాల జోలికి పోవద్దు. కాపీరైట్ సంగతికొస్తే, భవనాన్ని చూసి బొమ్మ గీయడం, ఫొటో తీయడం ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. వేరేవాళ్లు గీసిన ప్లాన్‌ను వాళ్లను అడగకుండా అచ్చువేయడం మాత్రం వేరే విషయం.

గీసిన ప్లాన్‌ను ఏం చేయాలి?

ప్రతి కాగితం మీద భవనం పేరు, ఊరు, కొలిచిన తేదీ, స్కేల్ గీత, ఉత్తర దిక్కు రాయండి. టేపుతో కొలిచినవి ఏవో, ఫొటో నుంచి అంచనా వేసినవి ఏవో వేర్వేరు రంగుల్లో చూపండి. గోడ రంగు, కప్పు పదార్థం, బోర్డు మీది భాషలు పక్కన నోట్ చేయండి. స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. సాటి అభిరుచిపరులకు, వీలైతే స్థానిక గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.

మన చిన్న స్టేషన్లను, గుమ్టీలను, క్వార్టర్లను కొలిచి గీసే ప్రభుత్వ సర్వే ఏదో వచ్చి చేస్తుందని ఎదురుచూసేంత సమయం లేదు. బల్ల మీద బొమ్మ కోసం మీరు ఒక ఆదివారం పొద్దున తీసుకున్న కొలతలే రేపు ఆ భవనానికి మిగిలే ఏకైక ప్లాన్ కావచ్చు. పని మొదలుపెట్టాల్సింది మీ ఇంటికి దగ్గరున్న అతి చిన్న పాత గదితోనే.